ఇంట్లో కట్టుకునే విమానానికి రేకులు రివెట్ చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా గ్యారేజీలో సగం కట్టిన ఆర్వీ-7 (విడిభాగాల కిట్ కొని ఇంట్లోనే కట్టుకునే విమానం) ఉందని తెలిసిన దగ్గర్నుంచి తెలుగువాళ్ల ఫోన్లు ఆగడం లేదు. డల్లాస్ చుట్టుపక్కల ఉండేవాళ్లయితే నేరుగా ఇంటికే వచ్చి, రెక్క మీద చెయ్యి వేసి నిమిరి, "ఇవన్నీ మీరే కొట్టారా?" అంటారు. అక్కడి నుంచి వచ్చే ప్రశ్నలు దాదాపు అందరివీ అవే. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే బదులు ఒకచోట రాసి పెడదామని ఈ పేజీ. ఒక్క మాట ముందే చెబుతాను: మీ కిట్‌తో వచ్చిన మాన్యువల్ ఒకటి చెప్పి, నేను ఇంకోటి చెబితే మాన్యువల్ మాటే వినండి.

ఇంట్లో విమానం కట్టుకోవడానికి అసలు ఒప్పుకుంటారా?

అమెరికాలో ఒప్పుకుంటారు. అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ దీన్ని "ఎక్స్‌పెరిమెంటల్ అమెచ్యూర్ బిల్ట్" అంటుంది. షరతు ఏమిటంటే, పనిలో సగానికి మించిన భాగం చదువు కోసమో సరదా కోసమో మీరు స్వయంగా చేసి ఉండాలి. అందరూ దీన్ని 51 శాతం రూల్ అంటారు. చేసినట్టు రుజువుగా ఫోటోలు, లాగ్ పుస్తకం ఉంచుకోవాలి. పూర్తయ్యాక తనిఖీ ఉంటుంది, ఆ తర్వాత కొన్ని గంటల పాటు నిర్ణీత ప్రాంతంలోనే టెస్ట్ ఫ్లయింగ్ చేయాలి. ఇండియా సంగతి కింద వేరే ప్రశ్నలో ఉంది.

వెల్డింగ్ చేసేయొచ్చు కదా? ఈ కాలంలో కూడా రివెట్లేనా?

మా నాన్నగారు కూడా ఇదే అడిగారు. విమానం పై రేకు మామూలు అల్యూమినియం కాదు. 2024-టీ3 అనే మిశ్రమ లోహం, అంటే రాగి కలిపి, వేడిచేసి చల్లార్చి గట్టిపరిచిన రేకు. రెండు వైపులా తుప్పు పట్టకుండా స్వచ్ఛమైన అల్యూమినియం పలచటి పొరగా ఉంటుంది, దాన్నే ఆల్‌క్లాడ్ అంటారు. దీన్ని వెల్డింగ్ చేస్తే ఆ గట్టిదనం పోతుంది, పగుళ్లు వస్తాయి. పైగా మందం చూడండి: ఆర్వీల్లో చాలా రేకులు 0.025 లేదా 0.032 అంగుళం. మిల్లీమీటర్ కూడా లేదు. నట్లు, బోల్టులు పెడితే బరువు పెరిగిపోతుంది.

మన వంటింట్లో కడాయికి చెవులు ఎలా బిగిస్తారో చూశారా? అదే ఇది. రివెట్ అంటే ఒక చివర తల ఉన్న చిన్న లోహపు కాడ. ఆ కాడ బెజ్జంలో దూరుతుంది, కొడితే ఉబ్బి బెజ్జాన్ని పూర్తిగా నింపుతుంది, అవతల ఇంకో తల తయారవుతుంది. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి పక్కకు జారబోతే ఆ కాడ అడ్డుకుంటుంది. రివెట్ బలమంతా అక్కడే ఉంది. పైకి లాగే బలానికి మాత్రం అంత బాగా తట్టుకోదు, డిజైన్ చేసేవాళ్లు అది తెలిసే గీస్తారు.

ఏఎన్426ఏడీ3-3.5 అంటే ఏమిటి? చూస్తేనే టెన్షన్‌గా ఉంది.

మొదటి వారం అందరికీ అంతే. ముక్కలుగా విడగొట్టి చదవండి. 426 అంటే తల రేకులోకి దిగిపోయి చదునుగా ఉండే రకం, 100 డిగ్రీల కోణంతో. 470 అని ఉంటే పైకి ఉబ్బెత్తుగా కనబడే గుండ్రటి తల. ఏడీ అంటే 2117 మిశ్రమ లోహం. 3 అంటే కాడ వ్యాసం, అంగుళంలో 32వ వంతుల్లో, అంటే 3/32 అంగుళం. చివరి 3.5 పొడవు, ఇది 16వ వంతుల్లో, అంటే 7/32 అంగుళం. చదును తల రకానికి పొడవు తలతో కలిపి లెక్క, ఉబ్బెత్తు తల రకానికి తల కింద నుంచి లెక్క. ఇది మర్చిపోయి తప్పు పొట్లం తెరిచినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఏడీ రివెట్ తల మీద నడిమధ్యలో చిన్న గుంట ఉంటుంది, చూడగానే గుర్తుపట్టొచ్చు. ఏ గుర్తూ లేకపోతే అది మెత్తటి స్వచ్ఛ అల్యూమినియం, బలం మోసే చోట వాడకూడదు. రెండు రకాలూ ఒకే డబ్బాలో కలిసిపోకుండా చూసుకోండి. 2024 లోహంతో చేసిన రివెట్లు కూడా ఉన్నాయి, వాటిని వేడిచేసి చల్లార్చాక కొట్టేదాకా ఫ్రిజ్‌లో పెట్టాలి, అందుకే ఐస్‌బాక్స్ రివెట్లని పేరు. మన కిట్లలో ఆ తలనొప్పి లేదు. 2117 రివెట్ పొట్లంలోంచి తీసి నేరుగా కొట్టేయొచ్చు.

సరిగ్గా పడిన రివెట్ ఎలా ఉండాలి?

వెనకవైపు తయారైన తలను షాప్ హెడ్ అంటారు. దాని వెడల్పు కాడ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు ఆ వ్యాసంలో సగం. 3/32 రివెట్‌కైతే సుమారు 3.6 మిల్లీమీటర్ల వెడల్పు, 1.2 మిల్లీమీటర్ల ఎత్తు. 1/8 రివెట్‌కైతే 4.8, 1.6. కొట్టకముందు రేకు బయటికి పొడుచుకొచ్చిన కాడ కూడా వ్యాసానికి ఒకటిన్నర రెట్లుండాలి. దీనికి గేజ్ దొరుకుతుంది. మొదట్లో ప్రతి రివెట్‌నూ కొలుస్తారు, నెల తర్వాత కంటికే తెలిసిపోతుంది.

బాగా పడింది చొక్కా గుండీలా ఉంటుంది. ఎక్కువ కొడితే అప్పడంలా పరుచుకుంటుంది. తక్కువ కొడితే చిన్న పుట్టగొడుగులా నిలబడుతుంది, దాన్ని మళ్లీ కొట్టి సరిచేయొచ్చు. ఒక పక్కకు ఒరిగిందంటే వెనకవైపు ఆనించే ఇనుప దిమ్మను, అంటే బార్‌ను, నిటారుగా పట్టలేదని. రెండు రేకుల మధ్య సందు ఉండిపోయి అందులోకి కాడ ఉబ్బితే అది అన్నిటికన్నా చెడ్డది, ఎందుకంటే పైనుంచి చూస్తే ఏమీ తెలియదు.

కొట్టడం నేర్చుకోవడానికి ఎన్నాళ్లు పడుతుంది?

కొట్టడం ఒక మధ్యాహ్నంలో వచ్చేస్తుంది. ఒక్కో రివెట్‌కు పట్టేది రెండు సెకన్లు. నిజమైన పని అంతకుముందు జరిగిపోతుంది. చాలామంది రివెట్లు కొట్టే గన్ గురించి అడుగుతారు, బెజ్జం గురించి అడగరు. నన్నడిగితే రివెటింగ్ అంటే నూటికి తొంభై పాళ్లు బెజ్జం సిద్ధం చేయడమే.

వరస ఇది. ముందు రేకును అస్థిపంజరం మీద పెట్టి క్లీకోలతో బిగించాలి. క్లీకో అంటే స్ప్రింగ్ ఉన్న తాత్కాలిక పిన్ను, ప్రత్యేకమైన పట్టకారుతో పెట్టి తీస్తారు. 3/32 బెజ్జానికి వెండి రంగుది, 1/8కి రాగి రంగుది. తర్వాత బెజ్జాలను అసలు సైజుకు డ్రిల్ చేయాలి, 3/32 రివెట్‌కు 40 నంబరు బిట్టు, 1/8కి 30 నంబరు. కొత్త కిట్లలో చాలా బెజ్జాలు ఫ్యాక్టరీలోనే ఫైనల్ సైజులో వస్తున్నాయి, ఈ ఒక్క మెట్టు తగ్గుతుంది.

ఆ తర్వాత అంతా విప్పెయ్యాలి. అవును, బిగించినదంతా మళ్లీ విప్పాలి. చూసినవాళ్లకు పిచ్చిపనిలా ఉంటుంది. డ్రిల్ చేసిన ప్రతి బెజ్జానికీ అంచున గరుకు లేస్తుంది, రెండు రేకుల మధ్యన మెటల్ పొట్టు ఇరుక్కుంటుంది. అవి ఉంటే రేకులు అతుక్కుని కూర్చోవు. అందుకని ప్రతి బెజ్జం రెండు వైపులా డీబర్ చేయాలి. చేత్తో తిప్పే చిన్న పనిముట్టుతో రెండు చుట్లు చాలు. ఎక్కువ తిప్పితే బెజ్జం అంచు పలచబడుతుంది. రేకు చుట్టూ కత్తిరించిన అంచులను కూడా ఆకురాయితో, ఎమరీ కాగితంతో నున్నగా చేయాలి. అంచున ఉన్న చిన్న గీత నుంచే పగులు మొదలవుతుంది.

పగులు అంటే గుర్తొచ్చింది: బెజ్జం రేకు అంచుకు మరీ దగ్గరగా ఉండకూడదు. బెజ్జం మధ్య నుంచి అంచుకు కనీసం రివెట్ వ్యాసానికి రెండింతల దూరం ఉండాలి. రెండు రివెట్ల మధ్య కనీసం మూడింతలు.

తర్వాత డింపుల్ (కింది ప్రశ్నలో చెబుతాను), ఆపైన తుప్పు పట్టకుండా ప్రైమర్ పూత, మళ్లీ క్లీకోలు, అప్పుడు రివెట్. ఒక రెక్క రేకు మీద వందల బెజ్జాలుంటాయి, ఒక్కోదాన్నీ ఇన్నిసార్లు ముట్టుకోవాలి. మా అమ్మ వచ్చినప్పుడు సోఫాలో కూర్చుని మినప్పప్పులో రాళ్లు ఏరినంత ఓపికగా రెండు రోజుల పాటు డీబర్ చేసింది. ఆ రేకుల్లో ఒక్క బెజ్జమూ వంక పెట్టడానికి లేదు.

డింపుల్ చేయాలా, కౌంటర్‌సింక్ చేయాలా? రెండూ ఒకటే కాదా?

కాదు. చదును తల రివెట్ రేకులోకి దిగాలంటే తలకు చోటు కావాలి. ఆ చోటు రెండు రకాలుగా చేయొచ్చు. డింపుల్ అంటే ఆడ, మగ అచ్చుల మధ్య రేకును నొక్కి గిన్నెలా వంచడం, లోహం ఎక్కడికీ పోదు. కౌంటర్‌సింక్ అంటే లోహాన్ని కోసి తీసేయడం. పలచటి రేకును కోస్తే బెజ్జం అంచు కత్తి పదునులా మిగులుతుంది. అందుకే ఆర్వీల్లో పై రేకులకు డింపుల్, లోపల మందంగా ఉండే భాగాలకు కౌంటర్‌సింక్. 3/32 రివెట్‌కు కోయాలంటే లోహం కనీసం 0.032 అంగుళం మందం ఉండాలి.

ఇది చాదస్తం అనుకునేవాళ్లకు నేను 1988 ఏప్రిల్ 28 సంగతి చెబుతాను. హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 ఒకటి 24,000 అడుగుల ఎత్తులో ఉండగా, ముందు భాగంలో దాదాపు 18 అడుగుల పొడవున పైకప్పు ఊడిపోయింది. ఒక ఎయిర్ హోస్టెస్ గాల్లోకి కొట్టుకుపోయి మరణించింది. మిగతావాళ్లతో విమానం ఎలాగో మావి దీవిలో దిగింది. ఆ విమానం అప్పటికి 89 వేలకు పైగా సార్లు ఎగిరి దిగింది. రేకుల అతుకును జిగురుతో కూడా అంటించారు, ఆ జిగురు ఊడాక భారమంతా రివెట్ల మీద పడింది. పలచటి రేకులో కౌంటర్‌సింక్ చేసిన బెజ్జాల కత్తి అంచుల దగ్గర చిన్నచిన్న పగుళ్లు పుట్టి, పక్కపక్కనే ఉన్నవి కలిసిపోయాయి. మన విమానాల్లో క్యాబిన్ ప్రెషర్ ఉండదు, అన్నిసార్లు ఎగరవు కూడా. అయినా కత్తి అంచు కత్తి అంచే.

మంచి డింపుల్‌ను గుర్తుపట్టడం తేలిక. గుంట చుట్టూ అచ్చు నొక్కిన సన్నటి వలయం కనబడాలి. వలయం లేదంటే దెబ్బ చాల్లేదు. సీ ఆకారపు ఫ్రేములో అచ్చులు పెట్టి సుత్తితో కొట్టే పద్ధతి చవక, కానీ చప్పుడెక్కువ, ఏమరుపాటుగా ఉంటే మగ అచ్చు రేకుకు కొత్త బెజ్జం పెడుతుంది. లివర్‌తో నొక్కే పరికరం ఖరీదు, చప్పుడుండదు. పాప పుట్టాక నేను రెండోదానికి మారాను.

ఇంత శ్రమ చదును తలల కోసమేనా? ఉబ్బెత్తు తలలు పెడితే ఏం పోతుంది?

వేగం పోతుంది. హోవర్డ్ హ్యూస్ 1935లో గంటకు 352 మైళ్ల రికార్డు కొట్టిన హెచ్-1 విమానం ఫ్యూజలాజ్ (మొండెం) రేకులకు చదును రివెట్లే. మెల్లగా ఎగిరే రకాల్లో ఉబ్బెత్తు తలలు పెట్టినా పెద్ద తేడా ఉండదు, జెనిత్ అనే కిట్ విమానాలు అలాగే హాయిగా ఎగురుతున్నాయి.

గన్ ఎలా పట్టుకోవాలి? ఎంత ప్రెషర్ పెట్టాలి?

రివెట్ గన్ అంటే గాలితో నడిచే చిన్న సుత్తి. ముందు మొనలో పెట్టే ముక్కను సెట్ అంటారు. చదును తలలకు పుట్టగొడుగు ఆకారంలో, చుట్టూ రబ్బరు ఉండి కొంచెం అటూఇటూ కదిలే సెట్ కొనండి. గన్ సైజుల్లో 3ఎక్స్ అయితే మన పనికి సరిపోతుంది, 2ఎక్స్ అయితే ఇంకా మృదువుగా ఉంటుంది.

అవతల వైపు పట్టుకునే ఇనుప దిమ్మ బకింగ్ బార్. గన్ ఇటు తలను కొడుతుంది, బార్ బరువుకు అటు కాడ నలిగి తల అవుతుంది. టంగ్‌స్టన్ బార్ ఖరీదెక్కువే కానీ కొనండి. ఉక్కుకు రెండింతలకు పైగా సాంద్రత, అందుకని చిన్న ముక్కే బరువుగా ఉండి ఇరుకు సందుల్లోకి దూరుతుంది.

3/32 రివెట్లకు నేను రెగ్యులేటర్‌ను 40 పీఎస్ఐ దగ్గర పెట్టుకుంటాను. మీ గన్, మీ గొట్టం పొడవును బట్టి మారుతుంది. పనికిరాని ముక్క మీద కొట్టి చూసుకోండి. భయంతో మరీ తగ్గించడం కూడా తప్పే. మెల్లగా ఎక్కువసేపు కొడితే రివెట్ కొట్టేకొద్దీ గట్టిపడి, చివరికి తల అంచు పగులుతుంది. రెండు మూడు సెకన్లలో అయిపోవాలి.

గన్‌ను రేకుకు నిటారుగా, గట్టిగా అదిమి పట్టాలి. ట్రిగ్గర్ నొక్కే ముందే అదమాలి, వదిలిన తర్వాతే చెయ్యి తీయాలి. జారిందంటే రేకు మీద నెలవంక ఆకారంలో సొట్ట పడుతుంది. రంగు వేసినా ఎండ పక్కనుంచి పడితే అది కనబడుతూనే ఉంటుంది. నా ఎడమ రెక్క మీద అలాంటివి రెండున్నాయి. పుట్టినరోజు పార్టీకి వెళ్లాలని తొందరపడిన సాయంత్రం నాటివి.

ఇద్దరు కావాలంటున్నారు. రెండో మనిషికి కూడా పని వచ్చి ఉండాలా?

నిజానికి బార్ పట్టుకునే మనిషే అసలు పనివాడు. గన్ పట్టినవాడికి తల మాత్రమే కనబడుతుంది, రివెట్ ఎలా పడిందో బార్ పట్టినవాళ్లకే తెలుస్తుంది. మా ఇంట్లో బార్ మా ఆవిడది. చెవులకు ప్లగ్గులు, పైన మఫ్‌లు ఉంటాయి కాబట్టి మాటలు పొదుపుగా వాడతాం. నేను "రెడీనా?" అంటాను. తను బార్ ఆనించి "కొట్టండి" అనేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టను. దెబ్బ అయ్యాక తను మూడింట్లో ఒకటి అంటుంది: "అయింది", "ఇంకొంచెం", లేదా "తీసెయ్యాలి". ఇంతకుమించి మాటలొద్దు. బార్ లేకుండా గన్ నొక్కితే రేకు సొట్టపోతుంది, అక్కడ వేళ్లుంటే వేళ్లు పోతాయి.

కొన్నాళ్లకు చెవులే చెబుతాయి. కాడ మెత్తగా ఉన్నంతసేపూ ఒక రకం చప్పుడు, తల పూర్తిగా తయారై లోహం అంతా ఒకటైనప్పుడు గట్టి చప్పుడు. ఆ మార్పు వినగానే చెయ్యి తనంతట తనే ఆగుతుంది.

నాకు తోడు ఎవరూ లేరు. ఒక్కణ్ణే చేయలేనా?

చాలావరకు చేయొచ్చు. అంచుల దగ్గర రివెట్లకు స్క్వీజర్ వాడండి, అది రెండు దవడల మధ్య రివెట్‌ను నొక్కేస్తుంది, చప్పుడు లేదు, గురి తప్పదు. ఎక్కడ స్క్వీజర్ అందుతుందో అక్కడ గన్ జోలికి పోవద్దు. తోకలో కదిలే భాగాలైన రడ్డర్, ఎలివేటర్ రేకుల్లో బలానికి వేసే పట్టీలను బ్యాక్ రివెటింగ్‌తో చేయాలి. చదునైన ఉక్కు పలకను బల్లలో అమర్చి, దాని మీద రివెట్ తల కిందికి ఉండేలా రేకు పరిచి, వెనకనుంచి కాడ మీదే గన్‌తో కొడతారు. తల పలకకు ఆనుకుని ఉంటుంది కాబట్టి పైవైపు అద్దంలా వస్తుంది. తలలు జారిపోకుండా టేపు అంటించండి. అంతకన్నా ముఖ్యం, రివెట్ కింద పలక ఉందో లేదో ప్రతిసారీ చూసుకోండి. పలక దాటి బల్ల చెక్క మీద కొట్టినవాళ్ల కథలు ప్రతి బిల్డర్ దగ్గరా ఒకటుంటుంది.

రెక్కల పై రేకులు, ఫ్యూజలాజ్ మాత్రం ఇద్దరి పని.

రివెట్ చెడిపోతే ఏం చేయాలి?

ముందు ఏమీ చేయకండి. గేజ్ తీసి కొలవండి.

నా మొదటి ఎలివేటర్‌లో ఒక రివెట్ కాస్త ఒరిగింది. నచ్చలేదు, తీసేద్దామనుకున్నాను. డ్రిల్ మధ్యలో కాకుండా పక్కకు పోయింది, బెజ్జం ఎనిమిది అంకెలా తయారైంది. పెద్ద రివెట్ వేశాను, అదీ ఒరిగింది. దాన్నీ తీశాను. చివరికి ఆ రేకు మార్చాల్సి వచ్చింది. ఆ తర్వాత వచ్చి చూసిన ఈఏఏ (ఇలా విమానాలు కట్టుకునేవాళ్ల సంఘం) టెక్నికల్ కౌన్సెలర్ ఒకాయన, స్వచ్ఛందంగా బిల్డర్ల ఇళ్లకు వచ్చి చూసే పెద్దమనిషి, నేను ఫోటో తీసి పెట్టుకున్న ఆ మొదటి రివెట్‌ను చూసి, తనైతే దాన్ని ముట్టుకునేవాణ్ణి కాదన్నాడు. కొద్దిగా వంకర పడిన రివెట్ కంటే, దాన్ని బాగు చేయబోయి పెద్దదైపోయిన బెజ్జం ఎక్కువ నష్టం చేస్తుంది. వరసలో వందల రివెట్లుంటాయి, ఒకటి అందంగా లేకపోతే పక్కవి మోస్తాయి. బెజ్జం పాడైతే మాత్రం రేకే పోతుంది.

నిజంగా తీయాల్సిందే అయితే ఇలా. ఏడీ తల మీద గుంట ఉంది కదా, డ్రిల్ మొన అందులో కూర్చుంటుంది. తల మందం మేరకే డ్రిల్ చేయండి, రేకు దాకా వెళ్లొద్దు. ఆ బెజ్జంలో సరిపడా పిన్ పంచ్ పెట్టి పక్కకు వంచితే తల టక్కున ఊడుతుంది. వెనక రేకును దేనితోనైనా ఆనించి, మిగిలిన కాడను మెల్లగా తట్టి అవతలికి తోయండి. అయినా బెజ్జం కొంచెం పెద్దదైతే బిల్డర్లు "ఊప్స్ రివెట్" అనేది ఒకటుంది, ఎన్ఏఎస్1097 రకం. కాడ 1/8, తల మాత్రం 3/32 దానంత చిన్నది. అదే డింపుల్‌లో కూర్చుంటుంది, పైనుంచి చూస్తే ఎవరికీ తెలియదు. ఒక పొట్లం ముందే కొని పెట్టుకోండి. అవి సొరుగులో ఉంటే చెయ్యి వణకదు.

రేకు మధ్యలో నొక్కితే టక్ టక్ అంటోంది. పాడైపోయిందా?

దీన్ని ఆయిల్ క్యానింగ్ అంటారు. పాత నూనె డబ్బా అడుగు నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకి వచ్చినట్టు. రేకు ఎక్కడో బిగుతుగా, ఎక్కడో వదులుగా ఇరుక్కుపోయిందని అర్థం. రాకుండా చూసుకోవడమే మేలు. ఒక చివర నుంచి మొదలుపెట్టి వరసగా కొట్టుకుంటూ పోవద్దు, వదులు అంతా అవతలి చివర పోగవుతుంది. మధ్య నుంచి బయటికి, ఒకటి విడిచి ఒకటి కొడుతూ వెళ్లండి. క్లీకోలు పిసినారితనంగా వాడొద్దు.

పాప్ రివెట్లు వాడితే ఇవేవీ అక్కర్లేదు కదా?

చాలావరకు అక్కర్లేదు. వెనకవైపు చెయ్యి పెట్టక్కర్లేదు, గన్‌తో లాగితే వెనక తల తయారై, లోపలి మేకు తెగిపోతుంది. ఒక్కరే కట్టుకోవచ్చు, చప్పుడుండదు. జెనిత్, సోనెక్స్ విమానాలు వీటితోనే కడతారు. ఆర్వీ-12లో కూడా ఎక్కువ భాగం ఇవే. అయితే ఇవి హార్డ్‌వేర్ షాపులో దొరికే పాప్ రివెట్లు కావు. కిట్ చెప్పిన రకం, చెప్పిన సైజు మాత్రమే వాడాలి. గన్‌తో కొట్టే రివెట్ కోసం గీసిన చోట మీ సొంత తెలివితో ఇది పెట్టొద్దు, డిజైనర్‌ను అడగండి. ఇంట్లో చిన్నపిల్లలుండి, టైమ్ తక్కువ ఉన్నవాళ్లకు నేను ఈ రకం కిట్టే చెబుతాను. నేను ఎందుకు తీసుకోలేదంటే, నాకు రివెట్ గన్ చప్పుడు ఇష్టం.

పెట్రోల్ ట్యాంకు రివెట్ చేయడం చాలా కష్టమట?

కష్టం కాదు, అసహ్యం. ఆర్వీ-7లో రెండు రెక్కల ముందు అంచులే ట్యాంకులు, ఒక్కోటి 21 గ్యాలన్లు. ప్రతి అతుకుకూ, ప్రతి రివెట్‌కూ పాలీసల్ఫైడ్ సీలెంట్ పూయాలి. నల్లగా, జిగటగా, కుళ్లిన గుడ్ల వాసనతో ఉంటుంది. బట్టలకు అంటితే ఆ బట్టలు మర్చిపోవాలి. రెండు భాగాలు కలిపిన దగ్గర్నుంచి గట్టిపడడం మొదలు, అందుకని కొంచెం కొంచెంగా కలుపుకోండి. పూర్తయ్యాక ట్యాంకును మూసి, గాలి నింపి, ఒక కొసకు బెలూన్ కట్టి, అతుకుల మీద సబ్బు నీళ్లు పూయాలి. బెలూన్ రాత్రికి రాత్రి తగ్గితే కంగారుపడకండి, గ్యారేజీ చల్లబడినా తగ్గుతుంది. బుడగలు వస్తేనే లీకు.

ప్రైమర్ వేయాలా వద్దా?

ఈ ప్రశ్న మీద బిల్డర్లు ముప్పై ఏళ్లుగా కొట్టుకుంటున్నారు. ఆల్‌క్లాడ్ రేకు తనను తాను బాగానే కాపాడుకుంటుంది. నేను రెండు రేకులు ఒకదాని మీద ఒకటి పడే చోట్ల మాత్రం వేశాను. సముద్రం పక్కన ఉండేవాళ్లు అంతటా వేయండి.

మొత్తం ఎన్ని రివెట్లు? ఎంత కాలం?

పది వేలు దాటుతాయి. నేను లెక్కపెట్టలేదు, లెక్కపెట్టినవాళ్లు మధ్యలో ఆపేశారు. కాలం మీ ఉద్యోగం, మీ పిల్లల పరీక్షలు, మీ నడుము నొప్పి మీద ఆధారపడి ఉంటుంది.

ఇండియాలో ఇది కుదురుతుందా?

కుదిరిన ఉదాహరణ ఉంది, తేలిక మాత్రం కాదు. ముంబై కాందివలిలో తమ బిల్డింగ్ డాబా మీద అమోల్ యాదవ్ అనే పైలట్ ఆరు సీట్ల విమానం కట్టాడు. 2016లో మేక్ ఇన్ ఇండియా వీక్‌లో దాన్ని చూపించాడు, 2017 నవంబరులో గానీ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రిజిస్ట్రేషన్ రాలేదు. డాబా మీద కట్టడం కన్నా ఆ కాగితాలకే ఎక్కువ ఓపిక కావాలి.

రివెటింగ్ నేర్చుకునే అవకాశం మాత్రం మనవాళ్లకు ఇంటి పక్కనే ఉంది. హైదరాబాద్ శివార్లలోని ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజలాజ్‌లు, సీ-130జే విమానాల తోక భాగాలు తయారవుతున్నాయి. నాకు ఫోన్ చేసేవాళ్లలో అక్కడ పనిచేసే కుర్రాళ్లూ ఉన్నారు. వాళ్లకు నేను చెప్పేదేమీ ఉండదు, నేనే అడుగుతాను. సందులోకి బార్ ఎలా దూర్చాలో, రెండు చేతులూ అందని చోట ఏం చేయాలో నాకు బాగా తెలిసింది వాళ్ల దగ్గరే.

పక్కింటివాళ్లు ఏమీ అనరా? మెషిన్ గన్ చప్పుడులా ఉంటుందట కదా.

ఉంటుంది. కంప్రెసర్ చప్పుడు అదనం. రాత్రి ఎనిమిది తర్వాత, ఆదివారం పొద్దున్న కొట్టకూడదని మేమే నియమం పెట్టుకున్నాం. మొదలుపెట్టే ముందే చుట్టూ ఉన్న ఇళ్లకు వెళ్లి, ఏం చేస్తున్నామో చెప్పి, మైసూర్‌పాక్ ఇచ్చి వచ్చాం. అయినా కుడిపక్కన ఉండే ముసలాయన మొదటి వారంలోనే గ్యారేజీ ముందుకొచ్చి నిలబడ్డాడు. తిట్టడానికే వచ్చాడనుకున్నాను. చేతులు కట్టుకుని అరగంట చూసి వెళ్లిపోయాడు. మరుసటి శనివారం మళ్లీ వచ్చాడు. ఆ నెలలో మా ఆవిడ ఊరెళ్లినప్పుడు బార్ పట్టుకునేవాళ్లు లేక పని ఆగిపోతే, ఆయనే అడిగి పట్టుకున్నాడు. రెండో శనివారానికి తన ఇయర్‌మఫ్‌లు తనే కొనుక్కుని వచ్చాడు.